ముందే రాసిన జవాబులు

మూడేళ్ల పిల్లలకు చదువు చెప్పడానికి సర్కారు కాగితం కావాలని మొదటిసారి విన్నప్పుడు మా చిన్నమ్మ పకపకా నవ్వింది. నేను నవ్వలేదు. నాకప్పుడు ఇరవై ఏళ్లు. మెట్రిక్ ప్యాసయి ఇంట్లో కూర్చున్నాను. కాగితం ఉన్నవాళ్లకు అన్నీ తెలుసనీ, లేనివాళ్లకు ఏమీ తెలియదనీ గట్టిగా నమ్మే వయసు. ఆ నమ్మకం వదలడానికి ఏడాది పట్టింది. అది పోయిన చోట అసహ్యం మిగిలింది. ఇదంతా ఆ అసహ్యంతోనే రాస్తున్నాను, ముందే చెప్పేస్తే మంచిది.

చిన్నమ్మ అంటే మా అమ్మకు చెల్లెలు. యాకుత్‌పురా స్టేషన్ వెనక ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. చిన్నాయన గుడిలో పూజారి, చిన్న వయసులోనే పోయారు. వాళ్లకు పిల్లల్లేరు. ఆ తర్వాత చిన్నమ్మ మా వాకిట్లో వీధి పిల్లల్ని పోగేసి కూర్చోబెట్టుకోవడం మొదలుపెట్టింది. పాలమ్ముకునే ఇళ్ల పిల్లలు, దఫ్తర్లో గుమాస్తాల పిల్లలు, దర్జీల పిల్లలు, అందరూ అయిదేళ్ల లోపువాళ్లే. అందరూ ఆమెను ఆపా అనేవాళ్లు, ఉర్దూలో అక్క అని. మా గల్లీలో పంతులమ్మ అన్న మాట ఎవరి నోటికీ రాదు.

ఆమె చెప్పే చదువుకు పేరేమీ లేదు. గూడ్సు బండి వస్తున్న చప్పుడైతే పిల్లలందరినీ మిద్దె మీదికి తోలుకుపోయి డబ్బాలు లెక్కపెట్టించేది. చింతగింజలతో అక్షరాలు పేర్పించేది. ఎవరికైనా నిద్రొస్తే ఒళ్లో పడుకోబెట్టుకుని మిగతావాళ్లతో మాట్లాడుతూనే ఉండేది. అలా పదిహేనేళ్లు గడిచాయి. ఆమె దగ్గర అక్షరాలు దిద్దినవాళ్లు పెద్ద బడికి పోయి వెనకబడ్డారని ఒక్క తల్లి కూడా వచ్చి అనలేదు. ఆమెకు ఆ వాకిలి తప్ప మరో లోకం లేదు, అక్కర్లేదు కూడా.

పందొమ్మిది వందల యాభైల చివర్లో ఒక నోటీసు వచ్చింది. ఆరేళ్లలోపు పిల్లలకు బడి నడిపేవాళ్లు శిక్షణ పొంది, పరీక్ష ప్యాసయి, సర్టిఫికెట్ తీసుకోవాలి. ఏడాదిన్నర గడువు. లేకపోతే బడి మూసేయాలి. చిన్నమ్మ చదివింది ఏడో తరగతి. వయసు నలభై రెండు. శిక్షణలో చేరడానికి ముప్పై అయిదు దాటకూడదట.

"నలభై రెండేండ్లకు ఒడి ఎండిపోతదా ఏంది?" అని అడిగింది నన్ను. నేను నోటీసు మళ్లీ చదివాను, ఆ సంగతి ఎక్కడైనా ఉందేమోనని. అంత తెలివితక్కువగా ఉండేదాన్ని.

శిక్షణ ఇచ్చే విద్యాలయం పురానాపూల్ దగ్గర ఒక పాత దేవిడీలో, అంటే జాగీర్దార్ల భవంతిలో, కొత్తగా పెట్టారు. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారే, ఆ సామెత ఈ విద్యాలయాన్ని చూశాకే పుట్టి ఉంటుంది. బోర్డు మీద పేరు చదవడానికి రెండుసార్లు ఊపిరి పీల్చుకోవాలి. లోపల నాలుగు గదులు, ఒక హార్మోనియం, ఒక ప్రిన్సిపాల్. ఆవిడ ఎక్కడో పెద్ద పట్నంలో శిశువిద్య చదివి వచ్చింది. శిశువు కనబడితే మాత్రం చీర కుచ్చిళ్లు దగ్గరకు లాక్కునేది.

విద్యాలయానికీ ఒక చిక్కు ఉంది. టీచర్లకు కాగితం ఇవ్వాలంటే ముందు తనకొక కాగితం కావాలి. దాన్ని గుర్తింపు అంటారు. శాఖ నుంచి ఇన్‌స్పెక్టర్ వచ్చి నిబంధనలన్నీ ఉన్నాయో లేదో చూసి సంతకం పెట్టాలి. ఇసుక గుంట ఉండాలి. గ్రంథాలయం ఉండాలి. పిల్లలు పడుకునే గది ఉండాలి. ఉపకరణాల బీరువా ఉండాలి. శిక్షణ పొందేవాళ్లు పాఠాలు చెప్పి చూసుకోవడానికి నలభై మంది పిల్లలున్న బడి పక్కనే ఉండాలి.

ఇసుక సులువుగా దొరికింది. మూసీ పక్కనే ఉంది, గాడిదల మీద తెచ్చి పోశారు. బట్టలు మాస్తాయని పిల్లల్ని మాత్రం అందులోకి దిగనివ్వలేదు. గ్రంథాలయానికి పుస్తకాలుండాలని రాసి ఉంది కానీ ఏ పుస్తకాలో రాసి లేదు. దేవిడీ సొంతదారుల పాత పెట్టెల్లో ఫార్సీ చట్టాల పుస్తకాలు బోలెడున్నాయి. దుమ్ము దులిపి వాటినే వరసగా పేర్చారు. నేను అక్కడ చదివిన ఏడాదిలో వాటి జోలికి పోయింది చెదపురుగులు మాత్రమే.

నలభై మంది పిల్లలు మాత్రం దొరకలేదు. అందుకని ప్రిన్సిపాల్ రిక్షా కట్టించుకుని మా ఇంటికొచ్చింది.

మా వాకిట్లో ఉన్న ముప్పై మందినీ, పైన ఇంకో పదిమందినీ చిన్నమ్మ రోజూ పొద్దున పురానాపూల్ తీసుకురావాలి. వాళ్లే విద్యాలయం బడి పిల్లలు అవుతారు. దానికి బదులుగా వయసు సంగతి పక్కనపెట్టి, పదిహేనేళ్ల అనుభవం ఉందని రాసి, చిన్నమ్మను శిక్షణలో చేర్చుకుంటుంది. నన్ను కూడా.

"పరీక్షలో మీకు నేనున్నాను. ఫికర్ చేయకండి," అంది ప్రిన్సిపాల్. ఆవిడకు వచ్చిన ఉర్దూ ఆ ఒక్క ముక్కే, దాన్ని జాగ్రత్తగా దాచుకుని అవసరానికి వాడేది.

చిన్నమ్మ ఒప్పుకుంది. వాకిలి మిగలాలంటే ఆమెకు మరో దారి లేదు. వాళ్ల అమ్మల్ని ఒప్పించి, రెండు జట్కాల్లో పిల్లల్ని కుక్కుకుని, దారిపొడుగునా పాటలు పాడించుకుంటూ తీసుకెళ్లేది. ఇన్‌స్పెక్టర్ వచ్చి తలలు లెక్కపెట్టి సంతకం పెట్టి వెళ్లాడు. విద్యాలయానికి గుర్తింపు వచ్చింది. వచ్చింది మా చిన్నమ్మ పిల్లల తలల మీద. ఈ మాట మాత్రం మరిచిపోకండి, ఎందుకంటే అక్కడ అందరూ మరిచిపోయారు.

శిక్షణ మొదలైంది. అన్నిటికంటే ముఖ్యం పాఠం నోటుబుక్కు. పేజీకి నాలుగు గళ్లు గీయాలి. మొదటి గడిలో పాఠం ఉద్దేశం. రెండో గడిలో చూపించే వస్తువు. మూడో గడిలో టీచరు అడిగే ప్రశ్న. నాలుగో గడిలో పిల్లలు చెప్పే జవాబు. నాలుగూ ముందురోజే నింపి ప్రిన్సిపాల్ సంతకం తీసుకోవాలి. జవాబులు ఎర్ర సిరాతో రాయాలి.

చిన్నమ్మ ఆ నాలుగో గడి దగ్గర ఆగిపోయింది.

"పొల్లగాండ్లు రేపు ఏమంటరో ఇయ్యాల్నే రాయాల్నా?"

"అవునండీ. ఆశించిన జవాబు," అంది ప్రిన్సిపాల్.

"మనమే రాసుకుంటే మరి వాళ్లను పిలుసుడు ఎందుకమ్మా? వాళ్లను ఇంటికాడ పండనిస్తే అయిపోలే?"

క్లాసులో పదిహేను మందిమి. అందరం నవ్వాం. నేను అందరికంటే గట్టిగా నవ్వాను, ఆమె నా చిన్నమ్మ అని ప్రిన్సిపాల్ గుర్తుచేసుకోకూడదని. ఆ రోజుల్లో నా తెలివంతా అటువంటి పనులకే ఖర్చయ్యేది.

నాకు వచ్చిన పాఠం అరటిపండు. నాకు ముందు పదకొండు మందికి కూడా అరటిపండే. నిజమైన వస్తువు చూపించాలని నిబంధన కాబట్టి రోజూ పొద్దున ఒక పండు తెచ్చేవాళ్లు. ఒక్కటే. అది ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి మారుతూ, సాయంత్రానికి నల్లబడి, చివరికి ఆఫీసు గదిలోకి పోయేది. నలభై మంది పిల్లలు దానికేసి చూస్తూ దాని రంగు చెప్పాలి, తొక్క మెత్తగా ఉందని చెప్పాలి, రుచి తియ్యగా ఉంటుందని చెప్పాలి. తినకూడదు. నేను పాఠం చెప్పిన రోజు నేను ప్రశ్న అడగకముందే జవాబులు వచ్చాయి. ఇది అరటిపండు, దీని రంగు పసుపు, ఇది తియ్యగా ఉండును. ఉండును అని పలికే పిల్ల మా యాకుత్‌పురాలో పుట్టలేదు, పుట్టబోదు. అయినా నలభై గొంతులూ కలిసి ఉండును అన్నాయి. నా పాఠానికి చాలా బాగుంది అని రాశారు.

చిన్నమ్మ వంతు వచ్చినప్పుడు ఒక పిల్ల అడిగింది, "ఆపా, గిది తినొద్దా?" అని. పాల వ్యాపారం చేసే ఇంటి పిల్ల. నాలుగేళ్లుంటాయి, కళ్లు గుండ్రంగా, ఏదీ వదలదు. చిన్నమ్మ ఒక్క క్షణం పండు వైపు చూసి, తొక్క ఒలిచి, వేలి గోరంత ముక్కలు చేసి అందరికీ పంచింది. వాళ్లు చీకుతూ, నవ్వుతూ, వేళ్లు నాక్కుంటూ తిన్నారు. ప్రిన్సిపాల్ మొహం ఎర్రబడింది. ఉపకరణం తినేశారని రిజిస్టర్లో ఎక్కించింది. ఆ వాక్యం నా కళ్లతో చూశాను, కల్పించి చెప్పడం లేదు.

నిద్ర పీరియడ్ గురించి కూడా చెప్పాలి. పదకొండున్నరకు గంట కొడతారు. పిల్లలు చాపల మీద పడుకుని కళ్లు మూసుకోవాలి. మేము మధ్యలో నడుస్తూ, ఎవరి కనురెప్పలు కదిలాయో నోటుబుక్కులో రాసుకోవాలి. నలభై మంది పళ్లు బిగించి, కళ్లు గట్టిగా మూసుకుని పడుకునేవాళ్లు. పన్నెండుకు మళ్లీ గంట. అప్పుడు అందరూ ఒక్కసారిగా లేచేవాళ్లు. నిజంగా నిద్రపోయిన పిల్ల ఎప్పుడైనా ఉంటే అది చిన్నమ్మ ఒళ్లోనే. ఒళ్లో పడుకోబెట్టుకోకూడదని ఆమెను రెండుసార్లు హెచ్చరించారు. పరిశుభ్రతకు మంచిది కాదట.

పరీక్ష రోజు గుర్తింపు ఇచ్చిన ఇన్‌స్పెక్టరే పరీక్షకుడిగా వచ్చాడు. పొడుగాటి మనిషి, కోటు జేబులో గడియారం. చీట్లు తీయించి పాఠాలు ఇచ్చారు. నాకు మళ్లీ అరటిపండే వచ్చింది. అదృష్టం అనుకున్నాను. చిన్నమ్మకు ఆవు వచ్చింది.

ఆమెకు గళ్లు నింపడం చేతకాదని నేనే రాసిపెట్టాను. గుండ్రని అక్షరాలతో, ఎర్ర సిరాతో. ప్రశ్న: ఆవు మనకు ఏమి ఇచ్చును? జవాబు: ఆవు మనకు పాలు ఇచ్చును. మంచి పనే చేస్తున్నాననుకున్నాను.

చిన్నమ్మ ఆవు బొమ్మ గోడకు తగిలించి, నేను రాసిన ప్రశ్న తన మాటల్లో అడిగింది. "ఆవు మనకేమిస్తదే?"

ఇద్దరు ముగ్గురు పాలు అని అనబోయారు. పాల ఇంటి పిల్ల లేచి నిలబడింది.

"ఇయ్యదు ఆపా. తంతది. మా బాపు కాళ్లు గట్టి పిండుతడు."

గదిలో ఉన్న మేమంతా గోడకు అతుక్కుపోయాం. ఇక్కడ చేయవలసింది మాకు నేర్పారు. చిరునవ్వు నవ్వి, పిల్లను కూర్చోమని, మరొకరిని అడగాలి. చిన్నమ్మ మోకాళ్ల మీద కూర్చుని ఆ పిల్ల మొహంలోకి చూసింది.

"అవ్వా! ఎందుకు తంతదే?"

"దూడ తాగాలె గద. గవి దూడ పాలు. మనమే గుంజుకుంటున్నం."

"మరి దూడకేం లేదా?"

"రెండు చన్లు ఇడిసిపెడ్తం. రెండు మనకు."

"అన్ని కలిపి ఎన్నే?"

నాలుగు అని గదంతా అరిచింది. ఇంకో పిల్ల లేచి, మా ఆవుకు మూడే, ఒకటి పాడైంది అంది. అయితే దూడకెన్ని, మనకెన్ని అని పెద్ద లొల్లి మొదలైంది. కొందరు ఆవులయ్యారు, కొందరు దూడలయ్యారు, ఒక దూడ ఇన్‌స్పెక్టర్ కుర్చీ కింద దూరింది. దూడకే రెండు ఇవ్వాలని దూడలన్నీ, కాదని ఆవులున్న ఇళ్ల పిల్లలూ వాదించారు. పంచుకోవడం, మిగలడం, న్యాయం, అన్యాయం, అన్నీ పావుగంటలో ఆ గదిలో జరిగిపోయాయి. ఏడాది పొడుగునా మేము చెప్పిన పాఠాలన్నీ కలిపి ఆ పావుగంట ముందు నిలబడవు. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. తెలిసి, సంతోషించకుండా, ఇన్‌స్పెక్టర్ మొహం వైపు చూశాను. ఆయన గడియారం బయటికి తీశాడు.

ఆయన రాసింది తర్వాత ప్రిన్సిపాల్ మాకు చదివి వినిపించింది. ఆశించిన జవాబు రాబట్టలేకపోయారు. క్రమశిక్షణ లేదు. పిల్లల ముందు పశువుల అవయవాల ప్రస్తావన. ఫెయిల్.

"మీరున్నరన్నరు గదమ్మా," అంది చిన్నమ్మ.

"నేనేం చేయను? వయసు ఇబ్బంది కూడా ఉంది కదా," అంది ప్రిన్సిపాల్, ఆ ఇబ్బందిని తనే పక్కనపెట్టినట్టు ఎన్నడూ గుర్తులేనట్టుగా. ఇలాంటి మనుషుల మీద కోపం రావడం కూడా దండగ. కోపానికి కొంచెం గౌరవం ఉంటుంది.

నేను ఫస్టు క్లాసులో ప్యాసయ్యాను.

బడి మూసే గడువు ఇంకో నెల ఉంది. ఉపాయం నాదే. సర్టిఫికెట్ నాకుంది, వాకిలి చిన్నమ్మది. కాగితాల మీద బడి నా పేరన ఉంటుంది, చదువు ఆమె చెబుతుంది. నిబంధనల ప్రకారం ప్రతి బడిలో ఒక ఆయా ఉండాలి. ఆ గడిలో చిన్నమ్మ పేరు రాస్తే సరి. ఇంత తెలివైన ఉపాయం ఇంకొకటి ఉండదనుకున్నాను. చిన్నమ్మ కూడా మస్తు సంతోషపడింది.

"పేరుదేముంది బిడ్డా. నువ్వు నౌకరీ చెయ్యి, నేను నా పొల్లగాండ్లను సూసుకుంట."

మూడు నెలలు బాగానే నడిచింది. నేను కుర్చీలో కూర్చుని హాజరు వేసేదాన్ని. ఆమె ఎప్పటిలాగే మిద్దె ఎక్కించేది, ఒళ్లో పడుకోబెట్టేది. తర్వాత ఒక రోజు పొద్దున్నే అదే ఇన్‌స్పెక్టర్ తనిఖీకి వచ్చాడు. చిన్నమ్మను గుర్తుపట్టలేదు. నాలుగు నెలల కిందటే ఆమెను ఫెయిల్ చేసిన మనిషి ఆమె చేతి మంచినీళ్లు తాగి, గ్లాసు తిరిగి ఇస్తూ కూడా మొహం చూడలేదు.

ఆయన ముందు నేను పాఠం చెప్పాను. అరటిపండు కాదులెండి, గులాబీ పువ్వు. పిల్లలు నా ప్రశ్న విని నా వైపు చూడలేదు. ముప్పై మందీ మెడలు తిప్పి, నీళ్ల కుండ పక్కన కూర్చున్న చిన్నమ్మ వైపు చూశారు. నేను మళ్లీ అడిగాను. మళ్లీ అటే చూశారు. చిన్నమ్మ తల వంచుకుంది. అయినా వాళ్లు చూపు తిప్పుకోలేదు.

ఇన్‌స్పెక్టర్ నన్ను పక్కకు పిలిచాడు.

"మీ పద్ధతి బాగుంది. కానీ ఈ ఆయా వల్ల పిల్లల ధ్యాస చెదురుతోంది. బడి టైములో ఈమె పిల్లలకు కనబడకూడదు. రిపోర్టులో రాస్తున్నాను. వచ్చే తనిఖీకి సరిచేయకపోతే మీ లైసెన్సు ఆగిపోతుంది."

అప్పుడు నేను చెప్పవలసింది ఒకే మాట. టీచరు ఆమె, నేను కాదు. తెలుగులోనో ఉర్దూలోనో ఏదో ఒక భాషలో చెప్పవచ్చు. ఆయన నమ్మినా నమ్మకపోయినా చెప్పవచ్చు. లైసెన్సు పోతే పోయేది. నేను ఆలోచించుకోనైనా లేదు.

"సరే సార్," అన్నాను.

అది చిన్నమ్మకు వినిపించింది. మా వాకిలి అంత పెద్దదేమీ కాదు.

ఇన్‌స్పెక్టర్లనూ ప్రిన్సిపాళ్లనూ ఇన్నాళ్లూ తిట్టుకుంటూ వచ్చాను. గురివింద గింజకు తన నలుపు తెలియదంటారు. నాకు నాది తెలుసు. వాళ్లకు చిన్నమ్మ విలువ తెలియక అలా చేశారు. నాకు తెలిసి కూడా సరే సార్ అన్నాను. వాళ్లు నాకంటే మేలు.

మర్నాడు పొద్దున పిల్లలు వచ్చే వేళకు చిన్నమ్మ వాకిట్లో లేదు. లోపలి గదిలోకి పోయి తలుపు దగ్గరకు వేసుకుంది. నేను వెళ్లి అడిగాను.

"నేను గిక్కడ కూసుంట. నువ్వు చెప్పుకో బిడ్డా. బడి ఉండనీ."

పిల్లలు వచ్చారు. ఆపా ఏది అన్నారు. పని మీద పోయింది అన్నాను. పాల ఇంటి పిల్ల నా మాట నమ్మలేదు. నేను హాజరు పిలుస్తుండగానే లేచి, నేరుగా లోపలి గది తలుపు దగ్గరకు పోయి, రెండు అరచేతులతో తోసింది. తలుపు కొంచెం తెరుచుకుంది. "ఆపా, గిక్కడున్నవా!" అని అరిచింది. మిగతావాళ్లు కూడా లేస్తున్నారు. నేను పరిగెత్తి వెళ్లి, ఆ పిల్ల రెక్క పట్టుకుని వెనక్కి లాగాను. అది ఏడవలేదు. చెయ్యి విదిలించుకుని మళ్లీ తలుపు వైపు పోబోయింది. ఈసారి రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, తెచ్చి నా కుర్చీ ముందు కూర్చోబెట్టాను.

అప్పుడు లోపలి నుంచి గడియ పడిన చప్పుడైంది. అది కోపంతో వేసిన గడియ కాదు. పిల్లలు నా దగ్గర కూర్చోవాలని, నాకు సాయంగా, చిన్నమ్మ లోపల తనే వేసుకుంది.